రోహిణి కార్తెలో పేల్ ఏల్: బెజవాడ డాబా మీద పళ్ల వాసన బీరు తాగడం ఎలా?

బెజవాడలో ఏ వైన్ షాపు ముందైనా ఐదు నిమిషాలు నిలబడండి. బ్రాండు పేరు కంటే ముందు వినపడే మాట ఒకటే: "కూలింగ్ ఉందా అన్నా?" రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అలా అడగడం తప్పేం కాదు. మామూలు లాగర్ బీరుకు, అంటే షాపుల్లో ఎక్కువగా దొరికే రకానికి, ఆ ఒక్క ప్రశ్న చాలు. చల్లగా ఉంటే దానంతటదే దిగిపోతుంది.

ఈ మధ్య పళ్ల వాసనొచ్చే క్రాఫ్ట్ పేల్ ఏల్ (చిన్న కంపెనీలు చేసే, లేత రంగు ఏల్ రకం బీరు) మీద మన ఊళ్లోనూ కొందరికి మోజు పుట్టింది. కష్టపడి ఎక్కడో ఒక క్యాన్ సంపాదిస్తారు. పళ్లు జివ్వుమనేదాకా చల్లబరుస్తారు. క్యాన్ ఎత్తి గటగటా దించేస్తారు. చివర్లో మూతి తుడుచుకుని, "చేదు తప్ప ఏముందిరా ఇందులో?" అంటారు. మొదటిసారి నేనన్నదీ అదే మాట.

పేల్ ఏల్ ముక్కుతో తాగే బీరు. దాహం తీర్చుకోవడానికి పనికొచ్చేది కాదు. ఈ సంగతి ఒప్పుకుంటే కింద నేను చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ పళ్ల వాసన ఎక్కడిది

పోయినేడాది మా బామ్మర్దికి ఒక గ్లాసు పోసి ఇచ్చాను. వాడు నోట్లో పెట్టుకోకముందే ముక్కు దగ్గర పట్టుకుని ఆగిపోయాడు. "బావా, ఇందులో జాంపండు కలిపారేంటి?" అన్నాడు. లేదురా అంటే నమ్మలేదు. క్యాన్ తిప్పి లేబుల్ మీద చదివాడు: నీళ్లు, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్, ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి). అంతే. "మరి జాంపండేదీ?" అని మళ్లీ నన్నే అడిగాడు.

జాంపండు హాప్స్‌లో ఉంది. హాప్స్ అంటే ఒక తీగకు కాసే ఆకుపచ్చ పూమొగ్గలు. వృక్షశాస్త్రం ప్రకారం గంజాయి కుటుంబానికి చెందిన తీగే గానీ మత్తు లక్షణం దీనికి లేదు. బీరుకు చేదు ఇచ్చేదీ, మంచి పేల్ ఏల్‌కు వాసన ఇచ్చేదీ ఇవే. జాంపండులో, ప్యాషన్ ఫ్రూట్‌లో ఉండే త్రీ-మెర్కాప్టోహెక్సనాల్ అనే పదార్థం కొన్ని రకాల హాప్స్‌లోనూ ఉంటుంది. మా వాడి ముక్కు పసిగట్టింది నిజంగా జాంపండు వాసననే, ఊహించుకున్నది కాదు.

మరి అన్ని బీర్లలోనూ హాప్స్ ఉంటాయి కదా, వాటికెందుకు రాదీ వాసన? చారు మరిగేటప్పుడే కొత్తిమీర వేసేస్తే ఏమవుతుంది? రుచి దిగుతుంది గానీ వాసన ఆవిరితో పోతుంది. దించాక వేస్తే వాసన నిలుస్తుంది. హాప్స్ కూడా అంతే. మరుగుతున్నప్పుడు వేస్తే చేదు దిగుతుంది. పొయ్యి ఆపాక, ఇంకా ముఖ్యంగా బీరు పులిసేటప్పుడో పులిశాకో వేసి నానబెడితే వాసన దిగుతుంది. ఇలా పులిసేటప్పుడో పులిశాకో వేయడాన్నే డ్రై హాపింగ్ అంటారు. దీనికి తోడు ఏల్ ఈస్ట్ 18 నుంచి 22 డిగ్రీల దగ్గర పనిచేస్తూ తనవంతు పళ్ల వాసన కొంత కలుపుతుంది. లాగర్ ఈస్ట్ అయితే 8 నుంచి 13 డిగ్రీల చలిలో నెమ్మదిగా, మాట్లాడకుండా పని కానిచ్చేస్తుంది.

పేల్ ఏల్ పుట్టిల్లు ఇంగ్లండ్. పళ్ల వాసన పట్టింది మాత్రం అమెరికాలో. అక్కడి వ్యవసాయ శాఖ ఆరెగాన్‌లో పెంచిన క్యాస్కేడ్ అనే హాప్స్ రకం 1972లో బయటికొచ్చింది. పంపర పనస తొక్క గిల్లితే వచ్చే వాసన దానిది. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కంపెనీ 1980లో ఆ హాప్స్‌తో చేసిన పేల్ ఏల్ తర్వాత వచ్చినవాళ్లందరికీ దారి చూపింది. 2007లో సిట్రా, 2012లో మొజాయిక్ అనే హాప్స్ రకాలు వచ్చాయి. మామిడి, జామ, నిమ్మ వాసనలు కావాలంటే లేబుల్ మీద ఈ రెండు పేర్లలో ఒకటి వెతకండి.

కొనేటప్పుడు

ముందు వయసు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లకే మద్యం అమ్మాలి. నిండకపోతే ఈ వ్యాసం దాచిపెట్టుకుని తర్వాత చదవండి, సరుకెక్కడికీ పోదు.

2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు మన రాష్ట్రంలో షాపులన్నీ ప్రభుత్వమే నడిపింది. అప్పట్లో దొరికిందే తాగాలి తప్ప అడిగింది దొరికేది కాదు. 2024 అక్టోబరులో షాపులు మళ్లీ ప్రైవేటు వాళ్ల చేతికొచ్చాయి. అలాగని ఇప్పుడు కూడా పేల్ ఏల్ ప్రతి సందులో ఉండదు. మన దగ్గర ఎక్కువగా అమ్మేది స్ట్రాంగ్ బీరే. బెంజ్ సర్కిల్, పటమట వైపు పెద్ద షాపుల్లో, స్టార్ హోటళ్ల బార్లలో అడిగి చూడండి. అడగడంలో ఒక కిటుకుంది. "క్రాఫ్ట్ బీర్ ఉందా?" అంటే కౌంటర్లో కుర్రాడు ఖరీదైనదేదో తీసి చేతిలో పెడతాడు. "లేబుల్ మీద ఏల్ అని రాసింది ఉందా?" అని అడగండి, లేదా క్యాన్ల వరస మీరే చూసుకోండి.

చూడాల్సినవి మూడే. ఒకటి, ఏల్ అనే మాట. రెండు, ఆల్కహాలు శాతం. పేల్ ఏల్ సాధారణంగా నాలుగున్నర నుంచి ఆరు లోపు ఉంటుంది. ఎనిమిది అని ఉంటే అది స్ట్రాంగ్ బీరు, పక్కన మామిడికాయ బొమ్మ వేసినా సరే. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ప్యాక్ చేసిన తేదీ. ఆరు నెలలదాకా తాగొచ్చని లేబుల్ మీద ఉండొచ్చు. తాగొచ్చు, నిజమే. వాసన మాత్రం అన్నాళ్లు కాసుక్కూర్చోదు. రెండు నెలల లోపుదైతే కళ్లు మూసుకుని తీసుకోండి. మూడు దాటితే ఆలోచించండి. ఐదో నెలదైతే ఆఫర్‌లో ఇచ్చినా వద్దు.

క్యాన్, సీసా రెండూ ఉంటే క్యాన్ తీసుకోండి. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి గబ్బు వాసనగా మారుతుంది. స్కంక్ అనే జంతువు వదిలే కంపులా ఉంటుందని అమెరికావాళ్లంటారు. మనమెవరం స్కంక్‌ను చూళ్లేదు కాబట్టి, మాగిపోయిన వెల్లుల్లీ కాలిన రబ్బరూ కలిపి ఊహించుకోండి. గోధుమరంగు సీసా కొంత కాపాడుతుంది. ఆకుపచ్చ, తెల్ల సీసాలు దాదాపు కాపాడవు. షాపువాడు అందం కోసం ట్యూబులైటు కింద వరసగా నిలబెట్టిన సీసా వద్దని, లోపలి పెట్టెలోంచి తీసిమ్మనండి. విసుక్కుంటాడు, ఇస్తాడు.

హైదరాబాద్ నుంచి వచ్చే స్నేహితుడిని డిక్కీలో నాలుగు క్యాన్లు వేసుకు రమ్మనాలని అందరికీ అనిపిస్తుంది. ఇక్కడ పన్ను కట్టని పక్క రాష్ట్రం సరుకు దొరికితే ఎక్సైజ్ వాళ్లు కేసు పెడతారు. నాలుగు క్యాన్ల కోసం స్టేషన్లో కూర్చోవడం దండగ. పేల్ ఏల్ అసలు దొరక్కపోతే విట్ బీర్ తెచ్చుకోండి. గోధుమలతో చేసి, నారింజ తొక్క, ధనియాలు వేసే బెల్జియం పద్ధతి బీరు అది. చేదు తక్కువ, ఎండాకాలానికి హాయిగా ఉంటుంది. కింద చెప్పేవాటిలో చాలా మటుకు దానికీ పనికొస్తాయి.

ఇంటికి తెచ్చాక నేరుగా ఫ్రిజ్‌లోకి

బీరు తయారుచేసేవాళ్లు చెప్పుకునే లెక్క ఒకటుంది: మూడు, ముప్పై, మూడొందలు. బీరు 32 డిగ్రీల వేడిలో మూడు రోజుల్లో ఎంత పాడవుతుందో, 22 డిగ్రీల్లో ముప్పై రోజులకు, 3 డిగ్రీల చలిలో మూడొందల రోజులకు అంతే పాడవుతుంది. ఇది కచ్చితమైన సూత్రం కాదు, ఉజ్జాయింపు. అయినా మన ఊరికి అన్వయించి చూడండి. మే నెలలో ఫ్యాను కింద మన హాలే 36, 38 ఉంటుంది. అంటే బల్ల మీద పెట్టిన బీరుకు మూడు రోజులు కూడా ఎక్కువే.

ఇది నేను చదివి నేర్చుకున్నది కాదు. రెండేళ్ల కిందట ఆరు క్యాన్లు దొరికితే, ఇంట్లో పెద్దవాళ్ల కంట పడకూడదని అటక మీద పాత సూట్‌కేసు వెనక దాచాను. ఏప్రిల్ మూడో వారంలో పెట్టి, మే ఆఖర్లో ఒక శనివారం రాత్రి తీశాను. చల్లబరిచి, గ్లాసు కడిగి, మంచి పాటలు పెట్టుకుని మరీ తెరిచాను. తడిసిన అట్టపెట్టె వాసన! వానలో నానిన కిరాణా కొట్టు అట్టపెట్టె ఉంటుందే, సరిగ్గా అదే. నిమ్మ లేదు, మామిడి లేదు. పైగా తేనె ముద్దలా ఒక చప్పటి తీపి. ఆరూ అంతే. ఆక్సిజన్, వేడి కలిసి చేసే పని అది, మళ్లీ చల్లబరిస్తే పోయిన వాసన తిరిగిరాదు.

కాబట్టి షాపు నుంచి వస్తూ దారిలో వేరే పనులు పెట్టుకోవద్దు. కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయలు కొని, బీసెంట్ రోడ్డులో చొక్కా కొని, చివర్లో బీరు కొనుక్కుని ఇంటికెళ్లండి. బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలేశారంటే నా అటక కథే మీదీ. ఫ్రిజ్‌లో అయితే వెనక గోడ వైపు, కింది అరలో నిలబెట్టండి. తలుపు అర వద్దు. ఎండాకాలం మన ఇళ్లలో నీళ్ల సీసాల కోసం గంటకు పదిసార్లు తలుపు తీస్తారు.

తాగేముందు చెంబెడు మజ్జిగ

దాహంతో ఉన్నప్పుడు పేల్ ఏల్ తెరవొద్దు. ఆల్కహాలు ఒంట్లో నీటిని ఆపే హార్మోన్‌ను తొక్కిపెడుతుంది. అందుకే మామూలుకంటే ఎక్కువ పోస్తాం. పొద్దంతా చెమటోడ్చి వచ్చిన ఒంటికి ఇది ఎదురు దెబ్బ. బీరు వడదెబ్బకు మందని చెప్పే బాబాయిలు ప్రతి పెళ్లిలో ఒకరుంటారు. నవ్వి ఊరుకోండి.

సాయంత్రం స్నానం చేశాక, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ పెద్ద గ్లాసుడు తాగండి. అరగంట ఆగండి. పొద్దు కుంకనివ్వండి. దాహం తీరిన నోటికి మాత్రమే రుచి తెలుస్తుంది. దాహంతో ఉన్న నోటికి ఏదైనా ఒకటే, కుళాయి నీళ్లయినా సరే. బీపీ, షుగరు, నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడిగాకే ఈ సరదా పెట్టుకోవాలి. ఆల్కహాలు అసలు వద్దనుకునేవాళ్లకు సున్నా శాతం ఏల్‌లూ ఉన్నాయి. దొరికితే ఇదే పద్ధతిలో తాగొచ్చు.

ఎంత చల్లగా

ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు క్యాన్ 4, 5 డిగ్రీలుంటుంది. పేల్ ఏల్‌కు కావలసింది 7 నుంచి 10. మరీ చల్లగా ఉంటే వాసనలు పైకి లేవవు, నాలుక మొద్దుబారుతుంది. చేదు ఒక్కటే మిగులుతుంది. "చేదు తప్ప ఏముంది" అనేవాళ్లందరూ 2 డిగ్రీల దగ్గర తాగినవాళ్లే.

ఇంగ్లండులోనో అమెరికాలోనో రాసిన పుస్తకాలు ఫ్రిజ్‌లోంచి తీసి పదిహేను నిమిషాలు బయట పెట్టమంటాయి. ఆ మాట బెజవాడలో పట్టించుకోకండి. రాత్రి ఎనిమిదింటికి కూడా డాబా మీద 34 ఉంటుంది. గ్లాసులో పోసిన నాలుగైదు నిమిషాల్లో అది కావలసిన వేడికి వచ్చేస్తుంది. మన సమస్య వేడెక్కించడం కాదు, వేడెక్కకుండా ఆపడం. నేను చేసేది ఇది: ఒక చిన్న స్టీలు గిన్నెలో సగం ఐసు, సగం నీళ్లు పోసి, గుప్పెడు కల్లుప్పు వేసి, అందులో క్యాన్ నిలబెడతాను. గ్లాసులో మూడో వంతు మాత్రమే పోసుకుంటాను. అది తాగేలోపు మిగతాది చల్లగానే ఉంటుంది. మూడు సార్లు పోసుకుంటే మూడు సార్లూ వాసన కొత్తగా లేస్తుంది, అది అదనపు లాభం.

కరెంటు పోయి ఫ్రిజ్ పనిచేయని రోజున కూడా ఈ ఉప్పు ఐసు గిన్నె ఆదుకుంటుంది. మామూలు క్యాన్ పదిహేను, ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోవడం మాత్రం వద్దు. బీరు మైనస్ రెండు, మూడు డిగ్రీల దగ్గర గడ్డకట్టి ఉబ్బుతుంది, సీసా అయితే పగులుతుంది. మర్నాడు పొద్దున ఫ్రీజర్ తుడిచే డ్యూటీ ఎవరికి పడుతుందో మీకు తెలుసు. గ్లాసులో ఐసు ముక్కలు వేసుకోవడం గురించి నేనేమీ మాట్లాడను.

చోటు, చుట్టూ వాసనలు

సాయంత్రం డాబా మీద రెండు బకెట్లు నీళ్లు చల్లడం మన ఇళ్లలో అలవాటే. చల్లండి, కానీ చల్లిన వెంటనే కూర్చోకండి. కాలిన సిమెంటు మీద నీళ్లు పడ్డ వాసన బాగానే ఉంటుంది గానీ గ్లాసులోని నిమ్మను మింగేస్తుంది. అరగంటలో అది పోతుంది. అంతకంటే పెద్ద శత్రువు దోమల చక్రం. ఆ పొగ పక్కన ఏ బీరైనా దోమల చక్రం బీరే. ఫ్యాను తెచ్చుకుని కాళ్ల వైపు పెట్టుకోండి, దోమలూ నిలవవు, చెమటా ఆరుతుంది. అగరొత్తులు, సెంట్లు, పక్కన మల్లెపూల దండ కూడా ఇంతే. మల్లెపూల విషయంలో ఇంట్లో నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి.

ఇంకోటి. మే నెల అంటే ఆవకాయ రోజులు. ఆవపిండి, కారం కలిపిన చేతిని ఎన్నిసార్లు కడిగినా గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చేసరికి ఆవ ఘాటే వస్తుంది. ఆవకాయ కలిపిన రోజు బీరు పెట్టుకోవద్దు. ఆ రోజు వేడన్నంలో కొత్త ఆవకాయ, నెయ్యి కలుపుకుని తినండి. దానికి ఏ బీరూ పోటీ రాదు.

అపార్టుమెంటు డాబా అయితే నలుగురూ వచ్చే చోటు కాబట్టి మీ బాల్కనీయే నయం. కృష్ణ ఒడ్డున, ఘాట్ల మెట్ల మీద, బ్యారేజీ పక్కన కారాపుకుని తాగడం నేరం, చూడ్డానికీ బాగోదు.

గ్లాసు, పోయడం

క్యాన్‌లోంచి నేరుగా తాగితే ముక్కుకు పని ఉండదు. స్టీలు గ్లాసు చేతి వేడిని క్షణాల్లో లోపలికి పంపుతుంది. గాజుదే కావాలి. మూతి కొంచెం లోపలికి వంగిన వైన్ గ్లాసు ఉంటే మంచిది, వాసన లోపల నిలబడుతుంది. లేకపోతే ఏ గాజు గ్లాసైనా ఫర్వాలేదు, నిండా పోయకుండా ఉంటే చాలు.

శుభ్రం మాత్రం ముఖ్యం. పాలు, మజ్జిగ తాగిన గ్లాసులో సన్నటి కొవ్వు పొర మిగిలి నురుగును చంపేస్తుంది. గిన్నెల సబ్బు అంటుకుని ఉన్నా అంతే. కడిగాక ఒక పరీక్ష చేయండి: తడి గ్లాసు లోపల మెత్తటి ఉప్పు చల్లండి. అంతటా సమంగా అంటుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. మధ్యలో ఖాళీలుంటే అక్కడ జిడ్డుంది. ఉప్పు కడిగేసి, చల్లటి నీళ్లతో ఒకసారి తొలిచి, తుడవకుండా తడిగానే వాడండి.

మబ్బుగా ఉండే హేజీ రకమైతే తెరిచేముందు క్యాన్‌ను బల్ల మీద పడుకోబెట్టి మెల్లగా రెండు సార్లు దొర్లించండి, అడుగున పేరుకున్నది కలుస్తుంది. కుదపొద్దు. గ్లాసును వాలుగా పట్టుకుని గోడ మీదుగా పోయడం మొదలుపెట్టి, సగమయ్యాక నిలబెట్టి మధ్యలో పోయండి. పైన రెండు వేళ్ల మందం నురుగు రావాలి. "నురుగెందుకు, మోసం" అని మనవాళ్లు గ్లాసు అంచుదాకా బీరే కావాలంటారు. హాప్స్ నూనెలు ఆ నురుగులోనే ఎక్కువగా చేరతాయి. పోయినా పోనీలే అనుకుని నురుగు ఉంచండి.

ఇప్పుడు వాసన చూడండి. గ్లాసు గుండ్రంగా ఒకసారి తిప్పి, చిన్న చిన్న పీల్పులు రెండు మూడు. గట్టిగా లోపలికి లాగితే ముక్కు త్వరగా అలవాటుపడిపోతుంది. ఏ వాసనో పేరు దొరక్కపోతే మన పళ్లతో పోల్చుకోండి. ప్యాషన్ ఫ్రూట్ అని లేబుల్ చెప్పిందని మీకూ అదే రావాలనేం లేదు. నాకొక బీరులో స్పష్టంగా కోసిన బత్తాయి తొక్క, ఇంకోదాంట్లో దోరగా ఉన్న కలెక్టర్ కాయ సొన వాసన తగిలాయి. ఆ తర్వాత ఒక చిన్న గుక్క. నోట్లో ఒక క్షణం ఉంచి మింగి, ముక్కులోంచి గాలి వదలండి. అసలు పండు అప్పుడు తెలుస్తుంది.

మంచింగ్: గుంటూరు కారంతో గొడవ

ఇక్కడే మన వాళ్లందరూ బోల్తాపడతారు. బీరంటే పక్కన కారం కారంగా ఏదో ఉండాలి. చికెన్ పకోడీ, కారం పొడి చల్లిన మిర్చి బజ్జీ, నిమ్మకాయ పిండిన గుంటూరు కోడి వేపుడు. లాగర్‌తో ఎలాగో నడుస్తుంది. పేల్ ఏల్‌తో మంట రెట్టింపవుతుంది.

కారణం ఇదీ. మిరపలోని క్యాప్సైసిన్ మన నోట్లో వేడిని కనిపెట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల వేడి తగిలితే స్పందిస్తుంది. అంటే మన మధ్యాహ్నం ఎండ అన్నమాట. ఆల్కహాలు తగిలితే అది 34 దగ్గరే స్పందించడం మొదలుపెడుతుంది. మన ఒళ్లే 37. ఇక మంటకు కొరతేముంది? దానికి గ్యాసు గుచ్చుడు, హాప్స్ చేదు తోడు. భౌగోళిక గుర్తింపు ఉన్న గుంటూరు సన్నం, దానికంటే ఘాటైన తేజ రకం మిరపకాయల మీద నాకు గౌరవమే. అవి అన్నంలో, పచ్చడిలో ఉండాలి. ఈ గ్లాసు పక్కన వద్దు.

కావలసింది ఉప్పు, కొవ్వు, కొంచెం పులుపు. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి పిండి వేపుతారు చూడండి. రసంతోపాటు చేదు పోవడం ఒక ఎత్తు, ఆ మిగిలిన ఉప్పు నాలుక మీద చేదును అణచడం ఇంకో ఎత్తు. హాప్స్ చేదు దగ్గరా ఉప్పుది అదే పని. అందుకే ఉప్పు జీడిపప్పు ఇంత బాగా కుదురుతుంది. వేయించిన పల్లీల్లో ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కలిపినది దానికేమీ తీసిపోదు. పప్పు చెక్కలు మంచివే.

నాకు అన్నిటికంటే నచ్చింది రొయ్యలు. కారం బదులు దంచిన మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకు వేసి, వెన్నలో రెండు నిమిషాలు తిప్పి దించిన రొయ్యలు. మిరియాల ఘాటు క్యాప్సైసిన్ అంత మొండిది కాదు, కాసేపట్లో సర్దుకుంటుంది. రొయ్య తీపి, వెన్న, దాని మీద ఆ నిమ్మ వాసన బీరు. చింతపండు పులుసులు మాత్రం పక్కన పెట్టుకోవద్దు, పులుపూ చేదూ కొట్టుకుంటాయి. గోంగూర కూడా అంతే, బాధగానే చెబుతున్నాను.

మామిడిపండు వాసన బీరుతో మామిడిపండు తింటే అద్భుతంగా ఉంటుందని మొదట నేనూ అనుకున్నాను. నూజివీడు రసం ఒకటి పిండుకుని తాగి, వెంటనే బీరు తాగితే వేప కషాయంలా తగిలింది. అంత తీపి ముందు ఏ బీరైనా చేదే. దోర బంగినపల్లి అయితే వేరు. గట్టిగా, పులుపూ తీపీ సమంగా ఉన్నప్పుడు సన్నగా కోసి, ఉప్పు చల్లి, గంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక ముక్క, ఒక గుక్క. మా బామ్మర్ది ఇప్పుడు జాంపండు మాట ఎత్తడం మానేసి, దోర కాయలు ఏ బండి దగ్గర దొరుకుతాయో వెతుకుతున్నాడు.

ఎన్ని

330 మిల్లీలీటర్ల, 5 శాతం క్యాన్‌లో 13 గ్రాముల ఆల్కహాలుంటుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసాలో 41 గ్రాములు, అంటే మూడు క్యాన్లు దాటినట్టే. వాసన కోసం తాగేవాడికి ఒకటి, మహా అయితే రెండు చాలు. రెండోదానికల్లా ముక్కు అలసిపోతుంది, మూడోది ఏ బీరైనా ఒకటే. ఒక్కో దానికి మధ్య గ్లాసు నీళ్లు తాగండి. తాగాక బండి తాళాలు ముట్టుకోవద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. బార్లో తాగితే ఆటో పిలుచుకోండి.

అయిపోయాక క్యాన్లను అలాగే మూలన పెట్టొద్దు. మన ఊరి ఎండకు తెల్లారేసరికి అడుగున మిగిలిన చుక్క పులిసి, చీమల బారు తలుపు దాకా వచ్చేస్తుంది. రాత్రే నీళ్లు పోసి తొలిచి, డాబా మీద బోర్లించండి. పది పోగయ్యాక పాత సామాన్లవాడికి వేయండి. అల్యూమినియం కాబట్టి సీసాలకంటే నయమైన రేటే ఇస్తాడు. మా వీధిలో వచ్చేవాడు తూకం వేస్తూ, "ఏంటి సార్, ఈసారి తక్కువున్నాయి?" అన్నాడు. ఎండలు తగ్గాయి కదా అన్నాను.